పచ్చగా ఉండగా పరీక్షలెందుకు?

పనిముట్లను పరీక్షించడం మంచి అలవాటు కాదని నా గట్టి అభిప్రాయం. పరీక్షిస్తే తప్పులు బయటపడతాయి. తప్పులు బయటపడితే పని ఆగుతుంది. పని ఆగితే పెద్దవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. ఇన్ని అనర్థాలున్న అలవాటును మనుషులు ఇన్నాళ్ళూ ఎలా భరించారో!

మా అమ్మ బస్సులు తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తుంది. చక్రాల నట్లు బిగించే లైన్లో ఉంటుంది. అక్కడ బారెడు పొడవున్న టార్క్ రెంచీలు పన్నెండున్నాయి. టార్క్ రెంచి అంటే, కావలసినంత బిగువు రాగానే "టక్" మని చెప్పే పానా. చక్రం నట్టుకైతే ఆరు వందల అంకె మీద పెడతారు. కానీ మనుషుల్లాగే దానికీ నీరసం వస్తుంది. లోపలి స్ప్రింగు అలిసిపోయి, ఐదు వందలైనా రాకముందే "టక్" మంటుంది. చెయ్యి నమ్మేస్తుంది. నట్టు మాత్రం వదులుగానే ఉంటుంది.

అందుకని పూర్వకాలంలో, అంటే పోయిన నెల వరకు, ప్రతి షిఫ్టులోనూ ఆ పన్నెండింటినీ మూలనున్న కొలత యంత్రానికి తగిలించి లాగి చూసేవారు. ఆ పని అమ్మదే. ఒక్కో రెంచి మూడుసార్లు! ఎంత అనాగరికం!

ఇప్పుడు లైన్లోకి ట్యాబ్ వచ్చింది. అందులో పన్నెండు గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో రెంచి అంకె వెయ్యాలి. అడుగున "నిన్నటిలాగే" అని ఒక బటన్. అది నొక్కితే నిన్నటి అంకెలన్నీ వచ్చి బుద్ధిగా కూర్చుంటాయి. గళ్ళన్నీ పచ్చబడతాయి. నలభై నిమిషాల పని రెప్పపాటులో పూర్తి!

ఇలాంటి బటన్‌ను ఒక్క కర్మాగారానికే ఇవ్వడం అన్యాయం కాదా? రైలు గేటు దగ్గర కాపలా ఉండేవాళ్ళకు ఒకటివ్వండి. నిన్న రైలు ఆలస్యంగా వచ్చింది కనుక ఇవాళా గేటు తెరిచే ఉంచవచ్చు. డాక్టర్లకు ఒకటివ్వండి. నిన్న నాడి కొట్టుకుంది కదా, ఇవాళ మళ్ళీ చెయ్యి పట్టుకోవడం ఎందుకు? మా లెక్కల మాస్టారికీ ఒకటివ్వండి, నాకు జవాబులు రాసే శ్రమ తప్పుతుంది. కాకపోతే పోయినేడాది నాకు వచ్చినవి ముప్పైఆరు మార్కులే. ఆయనకు మాత్రం వద్దులెండి!

లైన్ సూపర్‌వైజరుకు ఆ బటనంటే ప్రాణం. గళ్ళు పచ్చబడందే ఆయనకు ముద్ద దిగదు. అందుకే చాటుగా అందరూ ఆయన్ని పచ్చసారు అంటారు. ఈ సంగతి విని మా నాయనమ్మ, "కామెర్లొచ్చినవాడికి లోకమంతా పచ్చగానే కనబడుద్ది లేవే" అంది. పాతకాలం మనిషి, టెక్నాలజీ తెలియదు.

అమ్మ పందొమ్మిది రోజులు ఆ బటన్ చక్కగా నొక్కింది. ఇరవయ్యో రోజున ఘోరమైన పొరపాటు చేసింది. ఏడో నంబరు రెంచి పట్టుకుంటే "టక్" తొందరగా వచ్చినట్టు ఆమె చేతికి అనిపించింది. అనిపిస్తే అనిపించనీ! చేతికి అనిపించినవన్నీ పట్టించుకుంటే ప్రపంచం ముందుకు సాగుతుందా? పోయి కొలత యంత్రానికి తగిలించింది. నాలుగు వందల ఎనభై. మళ్ళీ లాగింది. నాలుగు వందల డెబ్భై ఐదు. లైను ఆపేసింది.

తర్వాత తెలిసిందేమంటే, పని దిగేటప్పుడు స్ప్రింగు వదులు చెయ్యకుండా, ఆరు వందల మీదే రెంచిని బీరువాలో పెట్టేస్తున్నారట. మర్నాడు అంకె మళ్ళీ తిప్పుకునే బాధ తప్పుతుందని! అదీ నిన్నటిలాగే అన్నమాట.

పచ్చసారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా, కొంప మునిగినట్టు లైనాపేశావ్?"

"ఏడో నంబరు తప్పు సార్. ఐదొందలు కూడా రావట్లేదు."

"ట్యాబ్‌లో పచ్చగానే ఉందిగా?"

"అది నిన్నటంకె సార్."

"నిన్న బాగున్నది ఇవాళ పాడైపోద్దా?"

"నిన్నా చూళ్ళేదు సార్, మొన్నా చూళ్ళేదు. పందొమ్మిది రోజుల్నుంచీ చూళ్ళేదు. ఆ బస్సులన్నీ వెనక్కి పిలిపించండి."

పచ్చసారు గొంతు తగ్గించాడు. "మరి ఆ పందొమ్మిది రోజులూ నొక్కిన వేలెవరిదమ్మా?"

"నాదే సార్. నొక్కమన్న నోరు మీది."

చూశారా బటన్ మహిమ! కొన్నది కంపెనీ, నొక్కమన్నది సారు, ట్యాబ్‌లో పడ్డ పేరు మాత్రం అమ్మది. ఇంత న్యాయంగా బాధ్యతను పంచే యంత్రం ఇంకొకటి ఉందా?

మర్నాడు అమ్మ చేతికి ఒక కాగితం వచ్చింది. గంటసేపు లైను ఎందుకు ఆపారో సోమవారంలోగా రాసివ్వాలి. కొలత చూడటంలో పొరబడ్డానని రాస్తే ఉద్యోగం ఉంటుంది. నిజం రాస్తే పందొమ్మిది రోజుల తప్పూ అమ్మ నెత్తిన పడుతుంది.

నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని నన్ను రాయమంది.

"పొరబడ్డానని రాసేస్తానమ్మా" అన్నాను. "పని పోతే ఎలాగే?"

"పని పోతే ఇంకోటి వెతుక్కుంటా. చక్రం పోతే ఏం వెతుక్కుంటారే బస్సులో వాళ్ళు? నే చెప్పింది రాయి."

రాశాను. "రోజుకు ఆరు చొప్పున నూట పద్నాలుగు బస్సులు బయటికి వెళ్ళాయి. వాటి ముందు ఎడమ చక్రం నట్లు ఏడో నంబరుతోనే బిగించాం. అవి వదులుగా ఉండవచ్చు. చూడకుండా బటన్ నొక్కింది నేను. ముందు బస్సుల్ని పిలవండి, తర్వాత నన్ను పిలవండి."

ఎంత మర్యాద లేని ఉత్తరం! చివర "తమ విధేయురాలు" అని కూడా పెట్టనివ్వలేదు.

కంపెనీవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. ముందు అమ్మనే పిలిచారు. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. బస్సులను ఇంకా పిలవలేదు. ఏడో నంబరు రెంచిని మరమ్మతుకు పంపేశారు, కానీ ట్యాబ్‌లో దాని గడి మాత్రం రోజూ పచ్చగానే ఉంటోందట. లైన్లో లేని రెంచి కూడా సరిగ్గా ఆరు వందలు చూపిస్తోంది!

మొన్న మా బడి దారిలోకి కొత్త బస్సు వచ్చింది. అమ్మవాళ్ళ కర్మాగారానిదే. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అయినా నిన్న మెట్టు మీదే నిలబడి, "అన్నా, ముందు ఎడమ చక్రం నట్లు ఒక్కసారి చూస్తారా?" అన్నాను.

బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు.

"నిన్నంతా బంగారంలా నడిచింది పాపా!"

నేను మెట్టు దిగలేదు. పైకీ ఎక్కలేదు. ఇక తప్పదన్నట్టు ఆయన నవ్వుతూనే పానా తీసుకుని దిగాడు.

మొదటి నట్టు పావు చుట్టు తిరిగింది. రెండోదీ తిరిగింది. మూడో దాని దగ్గర ఆయన నవ్వడం ఆపేశాడు.