ఎండు మల్బరీల విడుదల మహోత్సవం

గుజరాత్‌లోని మా గోడాదరా పేట తెలుగు కార్మిక కుటుంబాలకు రక్తహీనత నుంచి విముక్తి కలిగిందని ప్రకటించడానికి మా ఆరోగ్య చైతన్య సమితి ఎంతో సంతోషిస్తోంది. ఈ విముక్తి పోయిన నెల ఒక సెలవురోజు ఉదయం పదకొండింటికి జ్యోతి ప్రజ్వలనతో మొదలై, ఒంటిగంటకు పులిహోరతో ముగిసింది. మగ్గాల కార్మికులు మాత్రం రాలేదు. వాళ్ల షిఫ్టు పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా. సెలవు మాకు, వాళ్లకు కాదు. అయినా వాళ్ల తరఫున బ్యాంకు, రైల్వే కుటుంబాలు పెద్దమనసుతో వచ్చి కుర్చీలు నింపాయి.

విడుదలైన వస్తువు ఎండు మల్బరీలు. సముద్రాలు దాటి వచ్చాయి. జిప్పున్న పాకెట్టు, దాని మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, వెనకాల ఇనుము ఎంత, పీచు ఎంత అని చీమ తలకాయంత అక్షరాలు. ఇంతకన్నా ఆరోగ్యం ఇంకెలా ఉంటుందండీ!

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం మనవి చేయాలి. మా సమితి హాలు ముందర ఒక మల్బరీ చెట్టు ఉండేది. గుజరాతీలు షెతూర్ అంటారు. దాని కింద పన్నెండేళ్లుగా సారక్క కూర్చుని చీరల అంచులకు వేలాడే దారాలు కత్తిరించేది. చీరల మూటలు పొద్దున వచ్చేవి, సాయంత్రం పోయేవి. ఎండాకాలం పండ్లు రాలితే కొన్ని తినేది, మిగతావి పాత చీర మీద ఎండబెట్టి డబ్బాలో దాచేది. వానాకాలమంతా చాయ్‌తో పాటు గుప్పెడు నమిలేది. ఇందులో శాస్త్రీయత ఏమీ లేదు. పాకెట్టు లేదు, లేబుల్ లేదు, గడువు తేదీ అసలే లేదు.

పైగా ఆ చెట్టుకు సభామర్యాద తెలియదు. సన్నాహక సమావేశం రోజు మా అధ్యక్షులు, విశ్రాంత బ్యాంకు అధికారి శ్రీ సూర్యప్రకాశరావు గారి తెల్ల లాల్చీ మీద మూడు పండ్లు రాల్చింది. ఊదా మరకలు! వాటికి ఏ సబ్బూ పనిచేయలేదు. వేదికకు స్థలం కూడా చాలడం లేదు కాబట్టి చెట్టును తొలగించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

గొడ్డలి వచ్చిన రోజు సారక్క అధ్యక్షుల వారికి అడ్డంగా నిలబడింది.

“సారూ, జర దాన్ని ఇడిసిపెట్టున్రి. లోపల అర్రల గాలి రాదు, మీద రేకులు. గీడ కూసుంటెనే నా పని నడుస్తది. దవాఖానల రక్తం తక్కువున్నదన్నరు. గీ పండ్లు తింటెనే జర పానం నిలబడ్తది.”

అధ్యక్షుల వారు కరిగిపోయారు. “పిచ్చితల్లీ, ఇదంతా నీ రక్తం కోసమే కదమ్మా! మొదటి లబ్ధిదారువి నువ్వే” అని అక్కడికక్కడే మాటిచ్చారు. మధ్యాహ్నానికి చెట్టు లేదు.

మహోత్సవం నాడు అధ్యక్షుల వారు నలభై నిమిషాలు ప్రసంగించారు. “పట్టుపురుగు మల్బరీ ఆకు మాత్రమే తిని మనకు పట్టు ఇచ్చింది. అలాంటప్పుడు పండు తినే మనిషి దేశానికి ఎంత ఇవ్వాలి?” అని ప్రశ్నించారు. జవాబు ఎవరికీ తెలియక చప్పట్లు కొట్టాం. తర్వాత డాక్టర్ ఇందుజ గారు రక్తానికి ఇనుము ఎంత అవసరమో తెర మీద బొమ్మలతో చూపించారు.

సారక్కకు శాలువా కప్పాం. శాలువా లేకుండా తెలుగువాళ్ల సభ అవుతుందా? ఏప్రిల్ ఎండలో ఆమె దాన్ని కాసేపు తడిమి చూసి, కొంగుముడి విప్పి చిన్న కత్తెర తీసి, వేదిక మీదే అంచు దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది. వృత్తినిష్ఠకు మళ్లీ చప్పట్లు. ఏడుగురు ప్రముఖులు ఒకే పాకెట్టును ఏడుసార్లు ఆమె చేతికిచ్చి ఫోటోలు దిగారు. ఎనిమిదోసారికి ఆమె జిప్పు లాగి, ఒక పండు నోట్లో వేసుకుంది. రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చాం. అక్కడే మా వల్ల పొరపాటు జరిగింది.

“గివి నేను చీర మీద ఎండబెట్టినసొంటియే గద సారూ!” అంది. తర్వాత పాకెట్టును తలకిందులు చేసి, లోపలికి తొంగిచూసి అడిగింది. “నీడ గూడ ఎండబెట్టి గిందుల పెట్టిన్రా?”

సభంతా గొల్లుమంది. ఎంత హాస్యచతురత! “లబ్ధిదారు సభికులను నవ్వించారు” అని మినిట్స్‌లో కార్యదర్శిగా నేనే రాశాను. ఆమె ఎందుకో నవ్వలేదు.

ఇప్పుడు సారక్క ఆ మొద్దు పక్కనే గొడుగు కట్టుకుని కూర్చుంటోంది. గొడుగు చీరల మూటకు సరిపోతుంది, ఆమెకు సరిపోదు. పోయిన వారం కళ్లు తిరిగి పడిపోయింది. పరీక్ష చేస్తే రక్తం ఇంకా తగ్గింది. ఎండలో కూర్చోవద్దని, ఎండు మల్బరీలు తినమని ఇందుజ గారు రాసిచ్చారు. తీరా చూస్తే సమితి దగ్గర పాకెట్లు లేవు. వచ్చిన కుటుంబాలు తలా నాలుగు పట్టుకెళ్లిపోయాయి.

మా ఇంట్లోనూ నాలుగున్నాయి, నాలుగూ విప్పి రుచి చూసినవే. ఏదోలా ఉన్నాయని మా ఆవిడ ఉదయశ్రీ ముట్టదు, పారేయనివ్వదు. ఎంతైనా ఆరోగ్యం కదా, ఫ్రిజ్ తలుపులో పెట్టింది. సారక్కకు ఇచ్చేద్దామా అంటే, విప్పిన పాకెట్టు ఇస్తే బాగుండదంది.

మీరూ ఒకసారి లేచి మీ ఫ్రిజ్ తలుపు తీసి చూడండి. అవిసె గింజల డబ్బా వెనకాల ఎవరి చెట్టు ఉందో.