శ్రీరామ భజనల్లో ఇటలీవాడు

“నేరస్థులారా, పారిపోండి! మీకింకా పది నిమిషాలు టైముంది. డిటెక్టివ్ కొండబాబు పేంటు ఇస్త్రీకెళ్లింది!”

లుంగీ కట్టుకుని, తన జెరాక్స్ షాపు ముందు నిలబడి కొండబాబు ఇలా ప్రకటించేసరికి నెల్లిమర్లలో ఒక కుక్క మాత్రం లేచి వెళ్లిపోయింది. వాడి స్నేహితుణ్ణి కాబట్టి నాకు ఆ స్వేచ్ఛ లేదు.

కేసు తెచ్చినవాడు మా జగన్నాధం బావ. జూటుమిల్లులో రిటైరయ్యాడు. ఎనభై ఆరులో దసరా స్టేజీ మీద ఒక ఇటలీవాడి డిస్కో పాటకి బావ గెంతిన గెంతులు చూసే మా అక్క తాయారప్ప పెళ్లికి ఒప్పుకుంది. ఆ ఇటలీవాడు జన్మకో హిట్టు కొట్టి మాయమైపోయాడు. పేరు ఎవరికీ తెలీదు. ఫోన్లో వెతుకుదామంటే ఆ పాటలో మాటలూ ఎవరికీ రావు. ఉన్నదల్లా ఆ ఒక్క కేసెట్టు, అదీ కనబడటంలేదు.

“సాయంత్రం బండికి విశాఖపట్నం ఎల్లాలిరా. మీ అప్పకి రేపు మోకాలు ఆపరేసను,” అన్నాడు బావ. “ఆ పాట ఒక్కపాలి ఇంటే గాని కత్తి కిందకి ఎల్లనని కూకున్నాది. బయంరా దానికి. పైకి సెప్పదు.”

కొండబాబు కళ్లు మూసుకున్నాడు. “ఇటలీ అంటే ఏటి? మాఫియా! మన ఊళ్లో ఇటలీతో సంబందమున్నోడు ఎవుడు?”

“ఎవుడూ నేడు,” అన్నాను.

“ఉన్నాడు! పిజ్జా బండి ధనరాజ్!”

“ఒరే, ఆడిది పొందూరురా!”

“సూసినావా, ఎంత గట్టి మారువేసమో!”

పేంటు వచ్చింది. వాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని స్టేషన్ రోడ్డులో పిజ్జా బండి కింద దూరాడు. చీజు డబ్బా మూత తీసి వాసన చూస్తుండగా ధనరాజ్ పట్టుకున్నాడు.

“ఎవుడ్రా నువ్వు? బండి కింద ఏటి సేస్తన్నావు?”

“మర్యాదగా సరుకు బయటెట్టు. మీ ముఠా నాయకుడెవుడు?”

“మా ఆవిడ,” అంటూ ధనరాజ్ అట్లకాడ తీశాడు.

కొండబాబు పరుగో పరుగు. వెనక ధనరాజ్, ఆ వెనక నేను. వాడు రామాలయం మైకుసెట్టు గదిలోకి దూరి, కాలికి వైరు తట్టుకుని, పాత టేపురికార్డరు మీద బోర్లా పడ్డాడు. మోచేయి మీట మీద పడింది.

డుబుడుబు డిష్! గుడి మీది నాలుగు బాకాల్లోంచీ ఇటలీవాడు విరుచుకుపడ్డాడు.

టీకి వెళ్లిన మైకుసెట్టు ఎర్రన్న గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. “సాయంత్రం బజనకని ఎట్టుంచినాను బాబూ. ఇది ఏ దేవుడిదండీ?”

కేసెట్టు పెట్టె తీసి చూశాను. ‘శ్రీరామ భజనలు’ అని ఉంది, జగన్నాధం బావ చేతిరాతే. డిస్కో పాటలు కంటబడితే వాళ్లమ్మ పొయ్యిలో పెట్టేసేది. అందుకని ఆ రోజుల్లో మా వాళ్లంతా దేవుడి పేర్లు రాసి దాచుకునేవాళ్లు. రాసిన సంగతి తనే మరిచిపోయి, పోయిన వారం పాత భక్తి కేసెట్లన్నీ మూటకట్టి రాములవారికి సమర్పించేశాడు మహానుభావుడు.

“నాను ముందునుంచీ గుడిమీదే నిఘా ఎట్టినాను,” అన్నాడు కొండబాబు నేలమీంచే.

బావ ఇల్లు గుడికి ఎదురే. అరుగు మీద తాయారప్ప చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ నవ్వుతోంది. బాగున్న కాలు తాళం వేస్తోంది. అరవై రెండేళ్ల బావ పంచె ఎగ్గట్టి నడిరోడ్డు మీద గెంతుతున్నాడు. ధనరాజ్ కోపం మరిచిపోయి అట్లకాడతో కరెంటు స్తంభం వాయిస్తున్నాడు.

పాట అయిపోయింది. అప్ప కళ్లు తుడుచుకుని సంచీ అందుకుంది.

“పదండి, బండి తప్పిపోద్ది. కొత్త మోకాలు ఏయించుకొచ్చీసి నానూ గెంతుతాను.”

అరుగు దిగుతూ ఎర్రన్న వైపు తిరిగింది.

“దాని మీద పేరు సెరపకు బాబూ. నాకు అది బజనే.”