కీళ్ళు నేర్పిన జ్వరం

మా బళ్ళో కీళ్ళ పాఠం ఎవరూ చెప్పలేదు. చెప్పింది రెండువేల ఆరులో వచ్చిన చికున్‌గున్యా. అంతటి సైన్సు మాస్టరు హిందూపురం చుట్టుపక్కల అంతకుముందు లేడు, తర్వాతా రాలేదు!

మోకాలిది మడతబందు కీలని మాకెలా తెలిసింది? చెంబు పట్టుకుని చేలోకి పోయి కూర్చున్న పెద్దమనిషి లేవలేక కేకలేస్తే తెలిసింది! భుజానిది బంతిగిన్నె కీలు. చొక్కా తొడగడానికి ఇంటిల్లిపాదీ సాయం పట్టినప్పుడు తెలిసింది. మణికట్టు ఎముకలు ఒకదానిమీద ఒకటి జారతాయట. ధర్మవరంలో నేతగాళ్ళు మగ్గం దిగి, ముద్ద కలపలేక కూర్చున్నప్పుడు అదీ తెలిసింది.

పుర్రెవి కదలని కీళ్ళు. దీనికి జ్వరమక్కర్లేదు, పంచాయతీ మీటింగు చాలు! మా వీధి మురిక్కాలువ తీయించమంటే ఒక్క తలా కదల్లేదు. దోమల పొగ మిషను మాత్రం వచ్చింది. ప్రెసిడెంటు ఉలిగప్ప ఉండే వీధంతా తిరిగింది. మా మలుపు దగ్గరికొచ్చేసరికి డీజిల్ అయిపోయిందన్నారు. మా చదువు చెడకూడదని కాబోలు!

ఆ నెలలోనే నా భార్య నారాయణమ్మ ఆ జ్వరంతో పోయింది.

పాడె ఎత్తిన నలుగురివీ జ్వరం తిన్న భుజాలే. దారిలో ఒక్కచోట దింపి, పోయినవాళ్ళ చెవిలో పేరు పిలవడం ఆచారం. వీళ్ళు కాస్త దూరానికొకసారి దింపారు.

"దింపితే పిలవాల్సిందేనప్పా," అన్నాడు ముందు పట్టిన పోతులయ్య.

"ఇన్నితూర్లు పిలిస్తే వదిన లేచి కూర్చుంటాదేమో," అన్నాడు పక్కింటి ఖాజాసాబ్, భుజం నొక్కుకుంటూ. "లేస్తే నడిపిచ్చుకోని ఇంటికి పోదాం. మన భుజాలన్నా మిగుల్తాయి."

దింపిన ప్రతిచోటా పిలిచాను. వంగడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. నిలబడే పిలిచాను. అది ఆమె చెవిన పడే పిలుపేనా?

అప్పుడొచ్చాడు ఉలిగప్ప. ఊరు మొత్తానికి నిక్షేపంగా ఉన్న భుజం అదొక్కటే!

"జరుగప్పా పోతులయ్యా, నేను పట్టుకుంటా. ఎన్నితూర్లని దింపుతారు?"

"నువ్వు పట్టొద్దు," అన్నాను.

"అన్నా, ఊరంతా చూస్తాండాది."

"చూడనీ."

శ్మశానం దాకా దింపుకుంటూ, పిలుచుకుంటూనే పోయాం.

ఉలిగప్ప ఇప్పటికీ ఎదురుపడతాడు. మెడది బొంగరపు కీలు. అలాంటప్పుడు పక్కకు తిప్పుకోడానికే దేవుడు పెట్టాడు. దవడది కూడా కీలే. ఈ సంగతి మీద దాన్ని ఇంకెప్పుడూ తెరవను.