నీళ్లకు కామెర్లు

ఆషాఢం చివర్లో పెదమడుగు ఊరి కుళాయి నీళ్లకు కామెర్లు వచ్చాయి; అవి మనుషుల నుంచే సోకాయని పురపాలక సంఘం ఆ సాయంత్రానికల్లా తేల్చేసింది. ఊళ్లో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. వానలు మొదలైతే ఎవరో ఒకరికి కామెర్లు రావడం ఆ ఊరికి మామూలే, ఈసారి నీళ్ల వంతు అనుకున్నారు. "పాపం, ఎలా ఉన్నాయట?" అని అడిగినవాళ్లు కొందరు. "రేపు వస్తాయా, రావా?" అని అడిగినవాళ్లే ఎక్కువ.

నీళ్లను ఓవర్‌హెడ్ ట్యాంకులోనే పడుకోబెట్టి వైద్యం మొదలుపెట్టారు. ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారు రోజూ పొద్దున్నే ట్యాంకు ఎక్కి, థర్మామీటరును తాడుకు కట్టి లోపలికి దించి, పైకి లాగి చూసి, చీటీ మీద రాసుకుని దిగిపోయేవారు. ఇంగ్లీషు మందుతో ఇది తగ్గదు, నేల ఉసిరి పసరు పొయ్యాల్సిందేనని వార్డు పెద్దలు పట్టుబడితే అదీ బిందెలతో పోశారు. ఉప్పూ కారం నూనె తగలకుండా పథ్యం పెట్టారు. ఎంత పథ్యంలో ఉన్నా రోగికి సెలవు మాత్రం దొరకలేదు. ఊరికి వేరే నీళ్లు లేవు. కాబట్టి తెల్లవారగానే లేచి కుళాయిల్లోకి రాక తప్పేది కాదు. నీరసంగా, ఆగి ఆగి, పసుపుపచ్చగా వచ్చేవి.

మనుషుల బారి నుంచి నీళ్లను కాపాడడానికి కట్టుదిట్టమైన చర్యలు తీసుకున్నారు. మైకు కట్టిన ఆటో వీధి వీధీ తిరిగింది. "పట్టణ ప్రజలకు విజ్ఞప్తి. నీళ్లు తాగబోయే ముందు ప్రతి ఒక్కరూ తమను తాము బాగా కాచి, చల్లార్చి, నాలుగు మడతల గుడ్డలో వడకట్టుకోవలెను." రైతుబజారు పక్కన ఆవిరి డేరాలు వేశారు. చల్లారడానికి చింతచెట్టు కింద బల్లలు వేశారు. వడకట్టే గుడ్డ కుట్టే పని మాత్రం ఎనిమిదో వార్డు నాంచారమ్మకు వచ్చింది.

నాంచారమ్మది లేడీస్ టైలరింగ్ షాపు. ఇంటి అరుగు మీదే మిషను. జాకెట్టు చంకల్లో పట్టకుండా కుడుతుందని ఊళ్లో పేరు. ఆ గుడ్డను కూడా అంతే శ్రద్ధగా కుట్టింది, అంచులకు రెండేసి కుట్లు వేసింది. దాన్ని వీధికి అడ్డంగా కట్టారు. జనం డేరాలో కాగి, బల్లల మీద చల్లారి, ఒక్కొక్కరే ఆ గుడ్డలోంచి నడిచి అవతలికి వెళ్లేవారు. కాస్త బిగుతుగా అనిపించేది, అంతే. మనిషి అవతల తేలేవాడు. ఇవతల గుడ్డకు కొంచెం చెమటా, నీళ్ల గురించి అప్పటిదాకా అతను గొణుక్కుంటున్న మాటలూ అంటుకుని ఉండిపోయేవి. పారిశుధ్య సిబ్బంది సాయంత్రానికి వాటిని దులిపి, బండికెత్తి, ఊరి బయట తగలబెట్టేవారు. వడకట్టుకున్నవాళ్లంతా ఒంట్లో తేలిగ్గా ఉందనే చెప్పారు.

నాంచారమ్మ ఆ గుడ్డలోంచి వెళ్లే తీరిక చేసుకోలేదు. ఇంట్లో మొగుడు మంచం మీద ఉన్నాడు. అంకమ్మరావు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఇంటిపట్టున ఉండి నాలుగు కొత్త పాటలు పట్టుకుందామనుకున్నాడు. నెల మొదట్లోనే కళ్లు పచ్చబడ్డాయి, అన్నం చూస్తే వాంతి, క్లారినెట్ నోట్లో పెట్టుకుంటే గాలి గొంతు దాటేది కాదు. నాంచారమ్మ గంజి కాచి పోసింది, చెరుకు రసం తాగించింది, పక్కనే కూర్చుని విసురుతూ కుళాయిని తిట్టింది.

నీళ్లకు కామెర్లు తేలిన మూడో రోజు శానిటరీ ఇన్‌స్పెక్టర్ జకరయ్య వచ్చాడు. మెత్తని మనిషి, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడు. గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూశాడు.

"మీ ఆయనకు ఎప్పుడొచ్చాయమ్మా?"

"నెల మొదట్లో సార్."

"నీళ్లకు మొన్ననే బయటపడ్డాయి. మరి ఎవరి నుంచి ఎవరికి వచ్చినట్టు?"

"ఆ నీళ్లు తాగే కదా సార్ ఈయనకొచ్చింది!"

"తాగాడంటున్నారు కదా. తాగినప్పుడు నీళ్లు ఆయనకు తగిలితే, ఆయనా నీళ్లకు తగిలినట్టే." జకరయ్య జాలిగా తల ఊపాడు. "మీరు బాధపడకండి. మామూలుగా అయితే కుళాయి కనెక్షన్ తీసేస్తాం. ఇందులో కుళాయి తప్పేమీ లేదు గనక దాన్ని ఉంచి, మనిషి కనెక్షన్ తీసేస్తాం."

మధ్యాహ్నం ఇద్దరు పనివాళ్లు పెద్ద పానాతో వచ్చారు. "చాలా ఏళ్ల కనెక్షన్, బిగుసుకుపోయి ఉంటుంది, మెల్లగా తిప్పండి" అని జకరయ్య జాగ్రత్త చెప్పాడు. అంకమ్మరావు మరలు ఊడుతుంటే నాంచారమ్మ అతని భుజం పట్టుకుని ఉంది. అతన్ని ఇంట్లోంచి తీసిన చోట ఇల్లు కారకుండా ఒక బిరడా బిగించారు. అంకమ్మరావుకు ఎదురు చెప్పే ఓపిక లేదు. "క్లారినెట్‌కి తడి తగలనీకు, నాంచారీ" అన్నాడంతే. ఊరి చివర మూతపడ్డ నూనెమిల్లులో అతన్ని పెట్టారు. నీళ్లకు నయమయ్యేదాకా అక్కడే ఉండాలి.

బిరడా ఎంత గట్టిగా బిగించినా ఇల్లు కారుతూనే ఉండేది. నాంచారమ్మ కింద గిన్నె పెట్టి, మిషను తొక్కుతూ కూర్చునేది. చివరికి ఒకరోజు మిషను మీద గుడ్డ కప్పేసి, కుళాయి నీళ్లు ఒక సీసాలో పట్టుకుని కమిషనర్ ఆఫీసుకు వెళ్లింది. సీసాలో ఎర్రటి సన్నని పురుగొకటి ఈదుతోంది.

కమిషనర్ గారు సీసాను కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు.

"పురుగు ఆరోగ్యంగా ఉంది" అన్నారు చివరకు. "చూశారా, ఎంత హుషారుగా ఈదుతోందో. నీళ్లలో ఏదైనా దోషముంటే ముందు పోవలసింది అదే కదమ్మా."

"అయ్యా, మా వీధి మొగలో పైపు మురిక్కాలవలో మునిగి ఉంది. అక్కడ పగిలింది. అందరికీ తెలుసు."

"మురిక్కాలవ నుంచి మాకింతవరకూ ఏ ఫిర్యాదూ రాలేదు" అని ఆయన సీసా తిరిగి ఇచ్చేశారు. "పురుగును జాగ్రత్తగా తీసుకెళ్లండి."

నాంచారమ్మ మెట్లు దిగుతూ ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, ఆలోచించింది. నీళ్లకు రోగం ఎవరి నుంచి వచ్చిందో ఆ రోగిని ఎవరూ అడగలేదు. రోగిని చూడడానికి వెళ్లకూడదనైతే ఎవరూ అనలేదు కదా. దారిలో ఒక కొబ్బరిబోండాం కొనుక్కుని, చీర కొంగు నడుముకు దోపి, ట్యాంకు మెట్లెక్కింది. కాపలావాడు బోండాం చూసి, చుట్టాలనుకుని వదిలేశాడు.

పైన మూత తీస్తే లోపల చీకటి. పసరు వాసన. అడుగున నీళ్లు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాయి.

"గంగమ్మా, ఎట్లా ఉందమ్మా?" అంది నాంచారమ్మ.

"ఉన్నాను అమ్మాయ్" అన్నాయి నీళ్లు. ముసలి గొంతు, పెద్ద కుటుంబానికి చాకిరీ చేసి చేసి అలసిన గొంతు. "పడుకోనివ్వరు. తెల్లారితే అన్ని ఇళ్లకూ వెళ్లాలి."

నాంచారమ్మ బోండాం కొట్టి లోపలికి వంచింది. నీళ్లు నెమ్మదిగా తాగాయి. కాసేపయ్యాక ఆమె సంగతంతా చెప్పింది, మొగుణ్ణి పానాతో విప్పి తీసుకెళ్లడమూ, ఇల్లు కారడమూ.

"నీ మొగుడిదేం తప్పు లేదమ్మాయ్. మీ వీధి మొగలో పైపు పగిలినచోట కాలవ నాలోకి వచ్చేది. వద్దన్నా వచ్చేది. ఎన్నో ఏళ్లుగా వస్తోంది. ఇంతకాలం ఓర్చుకున్నాను, ఈసారి ఒళ్లు ఆగలేదు."

నాంచారమ్మ ఇంకా లోపలికి వంగింది. "ఆ మాటే వాళ్లకు చెప్పమ్మా! నువ్వు చెబితే నమ్ముతారు."

నీళ్లు ఇటు వైపు తిరిగాయి.

"చెబుతాను. చెబితే పైపు మార్చాలి. మార్చాలంటే ఊళ్లో వీధులన్నీ తవ్వాలి, టెండర్లు పిలవాలి. అవన్నీ అయ్యేదాకా నన్ను ఆపేస్తారు. ఎంతకాలమో నాకు తెలియదు. నేను రాకపోతే మీరేం తాగుతారు?"

కింద ఊరంతా కనిపిస్తోంది. మేడల మీద సింటెక్సు ట్యాంకులు, సందుల్లో ఖాళీ బిందెల వరసలు. ట్యాంకరు రాని ఎండాకాలం నాంచారమ్మకు గుర్తొచ్చింది. అప్పుడు ఒక్క బిందె కోసం పక్కింటి మస్తాన్‌బీతో జుట్లు పట్టుకుంది, తర్వాత ఇద్దరూ సిగ్గుతో నెలరోజులు మాట్లాడుకోలేదు.

"మరి ఇంకేం దారి లేదా గంగమ్మా?"

"ఉంది. నాకు తగ్గిపోయిందంటాను. తగ్గిందంటే నీ మొగుణ్ణి వదులుతారు. డాక్టరు కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాడు, పాపం, రోజూ మెట్లెక్కలేక చస్తున్నాడు." నీళ్లు కాస్త కదిలాయి. "ఏమంటావ్?"

నాంచారమ్మ ట్యాంకు అంచు పట్టుకుని నిలబడింది. నిజం అక్కడే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. నూనెమిల్లులో మొగుడూ ఉన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, "నీ ఆరోగ్యం జాగ్రత్త గంగమ్మా" అని చెప్పి, మూత పెట్టి దిగింది.

మర్నాడు తమకు పూర్తిగా నయమైందని నీళ్లు ప్రకటించాయి. డాక్టరు గారు ఆనందంతో థర్మామీటరు దించడం కూడా మర్చిపోయి సంతకం పెట్టారు. మైకు ఆటో మళ్లీ తిరిగింది. ఊరంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. కొబ్బరికాయలు కొట్టారు, కమిషనర్ గారికి శాలువా కప్పారు. ఆ ఉదయం కుళాయిల్లోంచి నీళ్లు ఎప్పటి రంగులోనే, కానీ ధీమాగా వచ్చాయి.

అంకమ్మరావును ఆవిరి పట్టి, చల్లార్చి, గుడ్డ దగ్గరకు తెచ్చారు. అతను వడిలిపోయి ఉన్నాడు గానీ నూనెమిల్లులో పోగేసుకున్న కోపం బోలెడు ఉంది. దారిపొడుగునా తిడుతూనే వచ్చాడు. గుడ్డలో సగం దాకా వెళ్లేసరికి మాట ఆగింది. అవతలికి తేలినప్పుడు అతని ముఖం నున్నగా, పసిపిల్లాడి ముఖంలా ఉంది. "ఏం నాంచారీ, బక్కచిక్కావే?" అన్నాడు నవ్వుతూ.

నాంచారమ్మ గుడ్డ వైపు చూసింది. ఇవతల మిగిలిన మాటలు దళసరిగా, నల్లగా వేలాడుతున్నాయి. ఆమె కూడా కొంగు సర్దుకుని అందులోంచి నడిచింది. ట్యాంకు మీద విన్నది ఎక్కడో కుట్టు దగ్గర తట్టుకుని, లాగి, ఊడిపోయింది. అవతలికి వచ్చాక గుండెల మీంచి తిరగలి దించినట్టుంది. మొగుడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. పనివాళ్లు బిరడా తీసి అతన్ని బిగించారు. ఇల్లు కారడం ఆగిపోయింది. ఆ పూట ఇద్దరూ పచ్చిపులుసుతో కడుపునిండా అన్నం తిన్నారు. చాలాకాలానికి అంకమ్మరావు క్లారినెట్ ఎత్తి ఒక పల్లవి ఊదాడు, గాలి సగంలో తెగింది. అయినా నాంచారమ్మకు అది చాలు అనిపించింది.

శ్రావణం వచ్చింది. ఒక సాయంత్రం మస్తాన్‌బీ వంటింటి గుమ్మంలోంచి రహస్యంగా పిలిచింది. ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, మా కోడలి కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ నీళ్లకు అంటుకుందంటే దాన్ని తీసుకుపోతారు. కడుపుతో ఉంది అక్కా."

నాంచారమ్మకు కంగారు పుట్టలేదు. "దీనికెందుకే అంత భయం? బజార్లో నల్ల కళ్లద్దాలు దొరుకుతాయి. పెట్టెయ్. జకరయ్య గారొస్తే కళ్లకలక అని చెప్పు" అంది. మస్తాన్‌బీ ఆమె రెండు చేతులూ కళ్లకద్దుకుని, ఏడుస్తూ నవ్వుతూ వెళ్లింది.

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. శ్రావణం సగమయ్యేసరికి ఊళ్లో చాలామంది నల్లద్దాలతోనే తిరిగేవారు. బడికెళ్లే పిల్లలూ, పాలు పోసేవాళ్లూ, పూజారి గారూ, ఆఖరికి జకరయ్యా. పెళ్లిళ్లు మొదలయ్యాయి. బ్యాండువాళ్లు అందరూ నల్లద్దాలతో నిలబడితే పట్నం నుంచి వచ్చిన పెళ్లివారు ముచ్చటపడి ఫోటోలు తీసుకున్నారు. ఆ నెలలో పెదమడుగులో కామెర్ల కేసు ఒక్కటీ నమోదు కాలేదు. మనుషుల నాణ్యత గణనీయంగా మెరుగుపడిందని పై ఆఫీసు నుంచి అభినందన కూడా వచ్చింది.

అంకమ్మరావు పెళ్లి నుంచి అలసిపోయి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. నాంచారమ్మ కుళాయి తిప్పి గాజుగ్లాసు నింపి ఇచ్చింది, తనూ ఒకటి పట్టుకుని పక్కన కూర్చుంది. ఇద్దరూ అద్దాలు తియ్యలేదు. నల్లద్దాల్లోంచి చూస్తే నీళ్లు ఏ రంగులో ఉన్నాయో తెలియడం లేదు.

"చల్లగా ఉన్నాయి" అన్నాడు అంకమ్మరావు.

"అవునయ్యా" అంది నాంచారమ్మ నిమ్మళంగా, గ్లాసు ఖాళీ చేసి.