వంగాకు మీద ఎర్ర దారం

గుత్తివంకాయ వండాలని సుబ్బరత్నమ్మ తెల్లవారగానే బుట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. రెండు కాయలు కోసిందో లేదో, బుట్ట వదిలేసి కేక పెట్టింది.

"లక్ష్మీ! మన మీద ఎవరో చేతబడి చేశారే!"

కోడలు లక్ష్మీకుమారి పరుగెత్తుకొచ్చింది. వెడల్పాటి వంగాకు ఒకటి దొన్నెలా ముడుచుకుని ఉంది. అంచులు రెండూ ఎర్ర దారంతో కుట్టి ఉన్నాయి. లోపల దూది.

"ఈ దారం నా రవికది," అంది అత్తగారు. పక్కింట్లో బట్టలు కుట్టే గంగమణి నెల రోజులుగా ఆ రవికను రేపు ఇస్తానంటోంది. నిన్ననే ఇద్దరికీ మాటామాటా అయింది.

గంగమణి గోడ మీదుగా తొంగిచూసింది. "ఏందమ్మా, పొద్దుగాల్నే గీ లొల్లి?"

"దారం నీది, సూది నీది. ఇంకెవరు కుడతారు?"

"రవికలు కుట్టనీకే తీరుతలేదు, ఆకులు గుడ్తనా నేను?"

పాలు తెచ్చిన భూమవ్వ ఆకును చూసి చెంబు అక్కడే దించేసింది. "బాణామతే! ముట్టకుండ్రి!"

కాలవలో పారేద్దామంటే, కింది పొలాలవాళ్ళు వచ్చి మా వరికేం గతి అన్నారు. మొక్కతో సహా కాల్చేయడమే మేలని తేలింది. లక్ష్మీకుమారి భర్త హరనాథబాబు కిరసనాయిలు డబ్బా తెచ్చాడు.

"గీ మాట బజార్ల పడితే నాకు గుడ్డముక్క ఎవరిస్తరక్కా?" అంది గంగమణి.

లక్ష్మీకుమారి ఆకు మీదికి వంగింది. ఒక్కో చిల్లు ఆవగింజంత కూడా లేదు. భర్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగండి. ఇది మనుషుల కుట్టు కాదు."

"నేను మొత్తుకుంటున్నదీ అదేగా!" అంది అత్తగారు.

అంతలో గంగమణి కిటికీలోంచి బొటనవేలంత పిట్ట ఒకటి వచ్చి వాలింది. నెత్తిన ఇటుకరంగు టోపీ, ఆకుపచ్చ వీపు, నిక్కబొడుచుకున్న తోక. ముక్కున ఎర్ర దారప్పోగు. ఇందరిని చూసి ఒంటికి మించిన గొంతుతో గదిమింది. తర్వాత, వీళ్ళతో తనకేం పని అన్నట్టు, ముక్కుతో ఆకును పొడిచింది. పోగును దూర్చి అవతలినుంచి లాగింది. ఊడిరాకుండా కొసను చీల్చి పీచు చేసింది. మరో చిల్లు. మరో కుట్టు.

హరనాథబాబు డబ్బా మెల్లగా కింద పెట్టాడు. భూమవ్వ చేతులు జోడించింది.

"ఏ మిషిను మీద నేర్చిందో!" అంది గంగమణి, దాదాపు గుసగుసగా.

ఆ మొక్క కాయలు మళ్ళీ ఎవరూ కోయలేదు. సుబ్బరత్నమ్మ తప్పయిందని గంగమణికి ఇంకో రెండు రవికల గుడ్డ ఇచ్చింది.

పిట్ట గూడు ముగించింది, గుడ్లు పెట్టింది, పొదిగింది. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి.

రవికలు రేపు ఇస్తానంది గంగమణి.