మంత్రిగారి నమూనా

"పిల్లలు పుట్టకపోతే ఆడవాళ్లనే వేలెత్తి చూపడం ఇక చెల్లదు. మగవారి జననాంగాల్లో తిష్ఠ వేసిన బాక్టీరియా మీద ఈ ప్రభుత్వం యుద్ధం ప్రకటిస్తోంది. పరీక్షకు మొట్టమొదటి నమూనా నాదే" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ముందు వరసలో మంత్రిగారి భార్య కళ్లు తుడుచుకుంది. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో పిల్లల కోసం ఆవిడ చేయించుకోని పరీక్ష లేదు, ఆయన చేయించుకున్న పరీక్ష లేదు.

వెనక నిలబడ్డ పీఏ మాత్రం చప్పట్లు కొట్టలేదు. మంత్రిగారి తరఫున రిబ్బన్లు కత్తిరించినవాడు, సంతాపాలు తెలిపినవాడు, ఒకసారి బీపీ కూడా చూపించుకున్నవాడు. అనుభవం ఉంది కనుక రాబోయేది ముందే తెలిసిపోయింది.

"నాకు మీటింగుంది. నువ్వు కానిచ్చెయ్" అంటూ మంత్రిగారు చిన్న డబ్బా అతని చేతిలో పెట్టారు.

"సార్, ఇది ఎవరిది వాళ్లే ఇవ్వాలట సార్."

"ఇందాకటి ప్రసంగం ఎవరు రాశారయ్యా?"

"నేనే సార్."

"మరి చప్పట్లు ఎవరికి కొట్టారు?"

పీఏ డబ్బా పట్టుకుని నడిచాడు. ల్యాబు పక్క గదిలో, గోడకున్న మంత్రిగారి ఫొటోను అటు తిప్పి విధి నిర్వర్తించాడు.

నాలుగో రోజున ల్యాబు డాక్టరమ్మ రిపోర్టు ఇచ్చింది. "కొన్ని బాక్టీరియా ఉన్నా ఏం కాదు. ఇవి మాత్రం మంచివి కావు. వీర్యకణాల కదలిక మందగించడానికి ఇవే కారణం కావచ్చు. రెండు వారాలు మాత్రలు వాడాలి."

మంత్రిగారు ఆ సాయంత్రమే విలేకరులను పిలిచి, లోపం తనలోనే ఉందని ఒప్పుకున్నారు. అంతటి నిజాయితీ చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. మాత్రలు పీఏ వేసుకున్నాడు. రెండోసారి నమూనా కూడా అతనే ఇచ్చాడు. రిపోర్టు కడిగిన ముత్యంలా వచ్చింది.

మూడు నెలలకు, ఆరేళ్లుగా బిడ్డ కోసం మొహం వాచిన పీఏ భార్య నెల తప్పింది. అతను నసుగుతూ ఆ మాట చెబితే మంత్రిగారు భుజం తట్టారు.

"చూశావా, మన పథకం పనిచేస్తోంది."

మంత్రిగారి భార్య మాత్రం నెల తప్పలేదు. శాఖవారు వేసిన నిపుణుల కమిటీ రెండో రిపోర్టును క్షుణ్ణంగా పరిశీలించి, భర్త లోపం పూర్తిగా సవరించబడినందున భార్యకే మరో ఆపరేషన్ అవసరమని ఏకగ్రీవంగా తేల్చింది. ఆవిడకిది మూడోది.

ఆపరేషన్ రోజు ఉదయం మంత్రిగారికి తీరిక లేదు. ఆస్పత్రికి పీఏ వచ్చాడు. స్ట్రెచర్ మీద పడుకున్న ఆవిడ అతన్ని దగ్గరికి పిలిచింది.

"తమ్ముడూ, నిజం చెప్పు. మీ సార్ మాత్రలు మధ్యలో మానేయలేదు కదా?"

పీఏకి చచ్చేంత సిగ్గేసింది. నిజం నోటిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చింది, ఇంట్లో కడుపుతో ఉన్న భార్య గుర్తొచ్చింది.

"ఒక్క పూట కూడా తప్పలేదమ్మా."

"పాపం, ఆయన చేయాల్సిందంతా చేశారు. నా ఒంట్లోనే ఏదో ఉంది" అని ఆవిడ కళ్లు మూసుకుంది. నర్సు స్ట్రెచర్‌ను లోపలికి తోసుకెళ్లింది.