గూడబాతుల కింద కాపురం

ఇంటి మీద గూడబాతులు లేనివాళ్ళని చూస్తే నాకు జాలేస్తుందండీ! పాపం, ఏం చూసుకుని బతుకుతారో?

మాది ఆకివీడు దగ్గర, కొల్లేటి ఒడ్డున ఊరు. వాకిట్లో తుమ్మచెట్టు, చెట్టునిండా గూడబాతులు, పెలికాన్లంటారే, అవి. ఒక్కోటి మేకపిల్లంత! గడ్డం కింద సంచీ వేలాడేసుకుని, సంతకెళ్ళొచ్చిన పెద్దమనుషుల్లా కూచుంటాయి.

మా ఆవిడ యేసమ్మకి మాత్రం వీటి విలువ తెలీదు. ఆవిడ గొడవంతా మంచినీళ్ళది. ఊరి చుట్టూ చేపల చెరువులే, తాగే చుక్క లేదు. ట్యాంకరేమో రోడ్డు మీదే ఆగుద్ది. అక్కణ్ణించి బిందె మోసుకొచ్చి చెట్టు కిందకి రాగానే, పైనుంచి టపీమని ఒక రెట్ట! నీళ్ళు పారబోసి మళ్ళీ రోడ్డుకి. మూత పెట్టుకోవచ్చుగా అంటారా? ఆ జారుడు సరుకు మూతకి ఆగుద్దాండీ?

అందుకని గొడుగు పట్టుకుని నేనే వెనకాల నడుస్తున్నా. చర్చికెళ్ళే ఆడాళ్ళు మొగుడంటే అలా ఉండాలని మెచ్చుకుంటున్నారంట. గొడుగు బిందెకండీ, ఆవిడక్కాదు!

లాభాలు చూడరేం? ఇంటికి సున్నం అవే కొడతాయి. తెల్లారగట్ట అలారం వాటి పిల్లలే. మొన్న ఒకదాని నోట్లోంచి జారి నా టీ గ్లాసులో పిత్తపరిగి చేప పడింది. టీ పోతే పోయింది, కూరకి బోణీ అయింది!

మా బావమరిది కృపానందం తాడేపల్లిగూడెం నుంచి తెల్లచొక్కా తొడుక్కుని దిగాడు. దిగితే ఒక పట్టాన కదలడు. గౌరవంగా చెట్టు కిందే కుర్చీ వేశా. మధ్యాహ్నం బస్సుకే పోయాడు, డిజైన్ చొక్కాతో!

ఎండలు ముదిరాక పక్షుల ఆఫీసరుగారు జీపులో వచ్చారు. బైనాక్యులర్ పెట్టి కొమ్మకొమ్మా చూశారు. మా వీధికి కుళాయి ఎప్పుడండీ అని యేసమ్మ అడిగింది.

"అది మా డిపార్ట్‌మెంట్ కాదమ్మా. పక్షులకేమన్నా ఇబ్బందుంటే చెప్పండి" అన్నారాయన.

నా నోరు ఊరుకోదుగా! చెట్టెనకాల గుంట ఎండిపోయింది, పక్షిపిల్లలు దాహంతో అల్లాడిపోతున్నాయండీ అన్నా, తమాషాకి.

వారం తిరక్కుండా పైపులొచ్చాయి, మోటారొచ్చింది. గుంట నిండింది. మంచినీళ్ళతో! ఆ పైపు మా గుమ్మం ముందు నుంచే వెళ్ళిందండీ. ఆగకుండా.

ఈసారి జీపు వచ్చేసరికి నేనూ చెట్టెక్కి కూచుంటానన్నా. యేసమ్మ నవ్వలేదు. ఖాళీ బిందె చంకనేసుకుని కొమ్మ వంక చూసింది.

"మీరొక్కరే కూచుంటే ఎవరు పట్టించుకుంటారండీ? నేనూ ఎక్కుతా. జంటగా ఉంటేనే గూడు అనుకుంటారు" అంది.